వాషింగ్ మెషీన్ ఎర్రర్ కోడ్ చూపిస్తే ఏం చేయాలి?

"మెషీన్ మధ్యలో ఆగిపోయింది, తెర మీద ఏవో రెండు అక్షరాలు మెరుస్తున్నాయి, ఏ పార్టు పోయినట్టు?" అని చాలామంది పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఈ ప్రశ్నలోనే ఒక పొరపాటు దాగి ఉంది. కోడ్ సాధారణంగా చెడిపోయిన పార్టు పేరు చెప్పదు. నీరు నిండడం, నీరు బయటికి పోవడం, తలుపు బిగుసుకోవడం, డ్రమ్ వేగం అందుకోవడం వంటి ఏదో ఒక పని తనకు నిర్ణయించిన గడువులోపు పూర్తి కాలేదని మాత్రమే చెబుతుంది. నీరు పోలేదని కోడ్ వచ్చినప్పుడు పంపు కాలిపోయి ఉండవచ్చు, ఫిల్టర్‌లో ఒక గుండీ ఇరుక్కుని ఉండవచ్చు, లేదా మెషీన్‌ను గోడకు జరిపినప్పుడు వెనక పైపు నొక్కుకుపోయి ఉండవచ్చు. ఈ మూడింటికీ మెషీన్ చూపించే కోడ్ ఒక్కటే. మా ఇంట్లో ఇదే కోడ్ చూసి పంపు మార్పించిన తర్వాత గానీ వెనక పైపు మడతపడి ఉందన్న సంగతి బయటపడలేదు. అందుకే కోడ్ చూడగానే పార్టు కొనకండి. కింది వరుసలో ఒక్కొక్కటీ పరీక్షించండి.

దగ్గర ఉంచుకోవలసినవి

- మీ మోడల్‌కు చెందిన యూజర్ మాన్యువల్. కాగితం ప్రతి పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లో మోడల్ నంబరుతో వెతకండి. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ఈ నంబరు ఎక్కువగా తలుపు తెరిచినప్పుడు కనిపించే అంచు మీద, టాప్ లోడ్ మెషీన్లలో వెనక వైపున లేదా మూత దగ్గర అంటించి ఉంటుంది.
- కెమెరా ఉన్న ఫోను, టార్చి లైటు
- ఎత్తు తక్కువగా ఉండే వెడల్పాటి పళ్లెం, రెండు మూడు పాత తువ్వాళ్లు
- పాత టూత్ బ్రష్, కటింగ్ ప్లేయర్
- ఒక లీటరు సీసా, రసమట్టం (మెషీన్ సమంగా ఉందో లేదో చూసే సాధనం)

మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

పైపులను గానీ ఫిల్టర్‌ను గానీ ముట్టుకునే ముందు ప్లగ్ తీసివేయాలి. స్విచ్ ఆపితే సరిపోదు. నేల మీద నీరు చేరి ఉంటే ఆ నీటిలో నిలబడి ప్లగ్ పట్టుకోకండి. ముందుగా ఇంటి మెయిన్ స్విచ్ దగ్గర కరెంటు ఆపండి. వేడి నీటి ప్రోగ్రామ్ నడుస్తుండగా మెషీన్ ఆగి ఉంటే లోపలి నీరు కాలేంత వేడిగా ఉండవచ్చు కాబట్టి, అది చల్లారే వరకు ఫిల్టర్ తెరవకూడదు. వెనక పలకను, పై పలకను విప్పే పని ఈ వ్యాసంలో ఎక్కడా లేదు. ప్లగ్ తీసిన తర్వాత కూడా మోటారును నడిపే సర్క్యూట్ బోర్డులో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

1. ఆపే ముందు ఫోటో తీయండి

కంగారులో వెంటనే పవర్ ఆపివేయడం అందరూ చేసే మొదటి తప్పు. ఆపితే కోడ్ మాయమవుతుంది, తర్వాత అది గుర్తుండదు. తెర మొత్తం కనిపించేలా ఫోటో తీయండి, వెలుగుతున్న చిన్న దీపాలు కూడా అందులో పడాలి. చాలా మెషీన్ల తెరలు ఏడు గీతలతో అంకెలను చూపించే రకం. వాటిలో 5 అంకె, ఎస్ అక్షరం ఒకేలా కనిపిస్తాయి. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా ఉండదు, చిన్న బీ అక్షరం 6 అనిపిస్తుంది. మాన్యువల్‌లో "5ఈ" దొరక్కపోతే "ఎస్ఈ" అని కూడా వెతకమనేది ఇందుకే.

2. ఏ దశలో ఆగిందో రాసి పెట్టుకోండి

నీరు నిండుతున్నప్పుడా, డ్రమ్ తిరుగుతున్నప్పుడా, నీరు పోతున్నప్పుడా, చివరి స్పిన్‌లోనా? డ్రమ్‌లో ఇప్పుడు నీరు ఉందా, ఉంటే ఎంత ఎత్తు వరకు ఉంది? ఆగే ముందు పంపు శబ్దం వినిపించిందా? నా అభిప్రాయంలో ఈ వివరాలు కోడ్ కంటే ఎక్కువ చెబుతాయి. ఉదాహరణకు, నీరు పోలేదనే కోడ్ వచ్చి డ్రమ్ ఖాళీగా ఉందంటే, నీటి మట్టాన్ని కొలిచే సెన్సర్‌నో, ఆ సెన్సర్‌కు వెళ్లే సన్నని గాలి గొట్టాన్నో, విపరీతమైన నురుగునో అనుమానించాలి.

3. కోడ్ అర్థాన్ని మీ మోడల్ మాన్యువల్‌లోనే చూడండి

ఒకే అక్షరాలు వేర్వేరు కంపెనీలలో వేర్వేరు అర్థాలను ఇస్తాయి. ఎల్‌జీ మెషీన్‌లో "ఓఈ" అంటే నీరు బయటికి పోలేదని, శాంసంగ్ మెషీన్‌లో అదే "ఓఈ" అంటే నీరు మోతాదుకు మించి నిండిందని. ఎల్‌జీలో "ఎల్ఈ" మోటారుకు సంబంధించినది, శాంసంగ్‌లో అది నీటి లీకేజీకి సంబంధించినది. పొరుగువారి మెషీన్‌కు పనికొచ్చిన చిట్కా మీ మెషీన్‌కు పనికిరాకపోవడానికి తరచుగా ఇదే కారణం. శాంసంగ్ పాత మోడళ్లలో "ఈ"తో ముగిసే కోడ్లు కొత్త మోడళ్లలో "సీ"తో ముగుస్తాయి: 4ఈ, 4సీ రెండూ నీరు రాలేదనే చెబుతాయి, 5ఈ, 5సీ రెండూ నీరు పోలేదనే చెబుతాయి.

కొన్ని అసలు లోపాలే కావు. ఎల్‌జీలో "సీఎల్" అంటే పిల్లలు నొక్కకుండా మీటలకు వేసిన తాళం. "పీఎఫ్" అంటే మధ్యలో కరెంటు పోయి వచ్చిందని మాత్రమే అర్థం.

4. ఒక్కసారి, సరైన పద్ధతిలో రీసెట్ చేయండి

పవర్ ఆపి, ప్లగ్ తీసి, 5 నుంచి 10 నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టండి. బట్టలు తీయగలిగితే తీసివేసి, రిన్స్, స్పిన్ మాత్రమే ఉన్న ప్రోగ్రామ్ పెట్టి పక్కనే ఉండి గమనించండి. కోడ్ తిరిగి రాకపోతే అది తాత్కాలికమైన ఇబ్బంది కావచ్చు. అదే దశలో మళ్లీ వస్తే కారణం అలాగే ఉన్నట్టు. అప్పుడు మళ్లీ మళ్లీ రీసెట్ చేయడం వల్ల ఏ ప్రయోజనమూ లేదు.

హెచ్చరిక: కాలిన వాసన, పొగ, కింద నీటి మడుగు, ప్లగ్ వేడెక్కడం, ఫ్యూజ్ ఎగిరిపోవడం వంటివి ఉంటే ఒక్కసారి కూడా రీసెట్ చేయవద్దు. మెయిన్ స్విచ్ దగ్గర కరెంటు ఆపి, ప్లగ్ తీసి, కొళాయి కట్టి, నేరుగా సర్వీస్‌కు చెప్పండి.

5. కోడ్ చెప్పిన పనిని బట్టి పరీక్షించండి

*నీరు రాలేదు: ఎల్‌జీలో ఐఈ, శాంసంగ్‌లో 4ఈ లేదా 4సీ, బాష్‌లో ఈ17*

ముందుగా కొళాయి పూర్తిగా తిరిగి ఉందో లేదో చూడండి. సగం తిరిగిన కొళాయి వల్ల వచ్చే కోడ్లు చాలా ఎక్కువ. తర్వాత ఇన్‌లెట్ పైపు ఎక్కడైనా మడత పడిందేమో చూడండి. ఆ రెండూ బాగుంటే నీటి ప్రవాహాన్ని కొలవాలి. కొళాయి కట్టి, పైపును కొళాయి దగ్గర విప్పి, ఒక లీటరు సీసా పెట్టి కొళాయిని పూర్తిగా తిప్పండి. సీసా సుమారు 7, 8 సెకన్లలో నిండితే ప్రవాహం నిమిషానికి 8 లీటర్ల వరకు ఉన్నట్టే, అది చాలు. నిండడానికి అర నిమిషం పడితే లోపం మెషీన్‌లో కాకుండా నీటి సరఫరాలో ఉండే అవకాశం ఎక్కువ. ఎత్తులో ఉన్న ట్యాంకు నుంచి నీరు దిగే ఇళ్లలో దీన్ని తప్పకుండా పరీక్షించాలి. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటేనే సుమారు 0.1 మెగాపాస్కల్ పీడనం వస్తుంది. మెషీన్ పక్కనే, రెండు మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటే అందులో ఐదో వంతు పీడనమే ఉంటుంది. మీ మోడల్‌కు కావలసిన కనీస పీడనం మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ప్రవాహం బాగానే ఉంటే జల్లెడను శుభ్రం చేయండి. పైపు మెషీన్‌కు కలిసే చోట, లోపలి వైపున, చిన్న ప్లాస్టిక్ జల్లెడ ఒకటి ఉంటుంది. ఇసుక, తుప్పు, సున్నపు పొర పేరుకుని అది మూసుకుపోతుంది. కొళాయి కట్టి, పైపులో మిగిలిన ఒత్తిడి పోయేలా మెషీన్‌ను అర నిమిషం నడిపి, ఆపి, ప్లగ్ తీయండి. కింద పళ్లెం పెట్టి పైపును చేత్తో విప్పండి. జల్లెడ మధ్యలోని చిన్న పట్టును కటింగ్ ప్లేయర్‌తో నెమ్మదిగా పట్టుకుని నేరుగా బయటికి లాగండి. బ్రష్‌తో నీటి కింద రుద్ది, తిరిగి అదే దిశలో పెట్టండి. రబ్బరు వాషర్ పైపులోనే ఉందని నిర్ధారించుకున్నాక చేత్తో బిగించండి. స్పానర్‌తో బలంగా బిగిస్తే ప్లాస్టిక్ మర పగులుతుంది, అప్పుడు చిన్న పనికి పెద్ద ఖర్చు అవుతుంది. కొన్ని పైపుల్లో కొళాయి వైపు చివర కూడా ఒక జల్లెడ ఉంటుంది. ఆ చివర బరువైన పెట్టె ఉంటే అది లీకేజీని ఆపే వాల్వ్, అందులో కరెంటు తీగ ఉంటుంది. ఆ పైపును కోయకూడదు, ఆ పెట్టెను నీటిలో ముంచకూడదు.

వేడి నీటికీ చల్లని నీటికీ వేర్వేరు ద్వారాలున్న మోడళ్లలో పైపులు తారుమారు కాకుండా చూసుకోండి. శాంసంగ్‌లో "4సీ2" అనే కోడ్ చల్లని నీటి ద్వారంలోకి వేడి నీరు వస్తోందని చెబుతుంది.

చాలామంది ఊహించని కారణం ఇంకొకటి ఉంది. నీరు రాలేదనే కోడ్‌కు మూలం డ్రెయిన్ పైపులో ఉండవచ్చు. డ్రెయిన్ పైపు చివర నేల మీద పడి ఉంటే, లేదా మురుగు గొట్టంలోకి గాలి ఆడనంత బిగుతుగా దూర్చి ఉంటే, నిండుతున్న నీరు నిండుతున్నట్టే బయటికి జారిపోతుంది. ఎంతసేపు నింపినా మట్టం చేరదు కాబట్టి మెషీన్ నీరు రాలేదని అనుకుంటుంది. నీరు నిండే దశలో పంపు శబ్దం లేకుండానే డ్రెయిన్ పైపు నుంచి నీరు కారుతుంటే కారణం దొరికినట్టే. పైపును 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తుకు లేపి కట్టండి. మీ మాన్యువల్‌లో వేరే కొలత ఉంటే దాన్నే పాటించండి.

*నీరు పోలేదు: ఎల్‌జీలో ఓఈ, శాంసంగ్‌లో 5ఈ లేదా 5సీ, బాష్‌లో ఈ18*

మొదట వినండి. స్పిన్ పెట్టినప్పుడు పంపు గుయ్యిమంటూ పనిచేస్తోంది గానీ నీరు రావడం లేదంటే ఎక్కడో అడ్డం ఉంది. ఏ శబ్దమూ లేకపోతే పంపునో దాని తీగనో అనుమానించాలి, అది సర్వీస్ వారు చేయవలసిన పని.

అడ్డం వెతకడానికి ముందు డ్రెయిన్ పైపు మడత, ఎత్తు, చివర మూసుకుపోవడం చూడండి. తర్వాత ఫిల్టర్ దగ్గరికి వెళ్లండి. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో ముందు వైపు అడుగున ఒక మూలలో చిన్న తలుపు ఉంటుంది. చాలా టాప్ లోడ్ మెషీన్లలో ఇది ఉండదు, అలాంటివారు పైపుల పరీక్షతో ఆగిపోవాలి.

ప్లగ్ తీసి, కొళాయి కట్టి, నేల మీద తువ్వాళ్లు పరిచి, పళ్లెం పెట్టండి. ఫిల్టర్ పక్కన సన్నని గొట్టం ఉంటే దాని మూతను తీసి, నీటిని పళ్లెంలోకి వదలండి. డ్రమ్ నిండా నీరు ఉంటే పళ్లెం చాలాసార్లు నిండుతుంది కాబట్టి మూత పెడుతూ, పారబోస్తూ, ఓపికగా చేయాలి. నీరు పూర్తిగా ఆగిన తర్వాతే ఫిల్టర్‌ను నెమ్మదిగా తిప్పండి. గొట్టం లేని మోడళ్లలో ఫిల్టర్‌ను పావు వంతు తిప్పి, నీరు కారనిచ్చి, మళ్లీ బిగించి పళ్లెం పారబోయాలి. ఒక్కసారిగా పూర్తిగా విప్పడం వల్ల గదంతా నీరు పారిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ఫిల్టర్‌లో నూలు ఉండలు, నాణేలు, హెయిర్‌పిన్నులు, గుండీలు, కాగితం ముద్ద వంటివి దొరుకుతాయి. అవి తీశాక లోపలి గూడులోకి టార్చి వేయండి. చివరన చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. దాన్ని కర్ర పుల్లతో కదిపి చూడండి. అది సాఫీగా కాకుండా కుదుపులతో, ఆగి ఆగి తిరిగితే చెడిపోయిందని అనుకోకండి, లోపల అయస్కాంతం ఉన్న పంపులు అలాగే తిరుగుతాయి. అసలు కదలకపోయినా, వదులుగా ఊగిపోతున్నా మాత్రం పంపును సర్వీస్ వారికి చూపించాలి.

ఫిల్టర్‌ను చివరి వరకు బిగించి, డిటర్జెంట్ వేసే అరలో ఒక లీటరు నీరు పోసి, ఫిల్టర్ చుట్టూ పొడి కాగితంతో తుడిచి చూడండి. కాగితం తడిస్తే మర తప్పుగా పట్టిందని అర్థం, విప్పి మళ్లీ పెట్టండి. ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్లే నీరు పోలేదనే కోడ్ నయమై మర్నాటికి లీకేజీ కోడ్ వస్తుంది.

*బరువు ఒక పక్కకు చేరింది: ఎల్‌జీ, శాంసంగ్ రెండింటిలోనూ యూఈ, కొన్ని శాంసంగ్ మోడళ్లలో యూబీ*

ఎక్కువ బట్టలు వేయడం వల్లే ఇది వస్తుందని అనుకుంటారు గానీ, తక్కువ వేయడం వల్ల కూడా వస్తుంది. ఒక్క దుప్పటి గానీ, ఒక్క డోర్‌మ్యాట్ గానీ తడిసి ముద్దయి ఒక పక్కన ఉండిపోతే దానికి ఎదురు బరువు ఉండదు. ఆపి, తలుపు తెరిచి, ముద్దను విడదీసి, మరో రెండు మూడు బట్టలు జతచేసి స్పిన్ పెట్టండి. వాన కోటు, టార్పాలిన్ వంటి నీరు ఇంకని వాటిని స్పిన్‌లో వేయకండి. వాటిలో నీరు మూటలా నిలిచి, ఉన్నట్టుండి జారి, మెషీన్‌ను విపరీతంగా కుదిపేస్తుంది.

ప్రతిసారీ ఈ కోడ్ వస్తుంటే మెషీన్ మీద రసమట్టం పెట్టి రెండు దిశలలో చూడండి. పై మూలలను ఎదురెదురుగా నొక్కినప్పుడు ఊగకూడదు. కాళ్లను సరిచేశాక, వాటి మీద ఉండే బిగింపు నట్టును మెషీన్ అడుగు వైపుకు బిగించకపోతే కొన్ని రోజులకే మళ్లీ వదులవుతుంది. కొత్తగా కొన్న ఫ్రంట్ లోడ్ మెషీన్ మొదటి స్పిన్‌లోనే భయపెట్టేలా ఊగితే వెంటనే ఆపి, రవాణా కోసం వెనక బిగించిన బోల్టులు తీశారో లేదో చూడండి.

*తలుపు: ఎల్‌జీలో డీఈ, శాంసంగ్‌లో డీఈ లేదా డీసీ, బాష్‌లో ఈ16*

రబ్బరు అంచులో చిక్కుకున్న చిన్న బట్టను తీసి, కొక్కెం, దాని రంధ్రం తుడిచి, టక్కుమనే శబ్దం వచ్చేలా మూయండి. ప్రోగ్రామ్ ముగిశాక ఒకటి రెండు నిమిషాల వరకు తాళం విడవకపోవడం సహజం. లోపల నీరు ఉంటే అసలే విడవదు, ముందు నీటిని పంపాలి. బలంగా లాగితే పిడి విరుగుతుంది.

*నురుగు: శాంసంగ్‌లో ఎస్‌యూడీ లేదా ఎస్‌డీ*

ఏమీ చేయకుండా ఆగడమే మందు. నురుగు దిగే వరకు మెషీన్ తానే ఆగుతుంది. తర్వాత బట్టలు లేకుండా రిన్స్ పెట్టి, అద్దం వెనక ఇంకా నురుగు కనిపిస్తే మరోసారి పెట్టండి. ఫ్రంట్ లోడ్‌కు తక్కువ నురుగు వచ్చే డిటర్జెంట్‌నే, డబ్బా మీద రాసిన కొలతకు మించకుండా వాడాలి.

*లీకేజీ, మితిమీరి నిండడం: శాంసంగ్‌లో ఎల్ఈ లేదా ఎల్‌సీ, బాష్‌లో ఈ23, నీరు ఎక్కువైతే ఎల్‌జీలో ఎఫ్ఈ, శాంసంగ్‌లో ఓఈ లేదా ఓసీ*

మొదటి పని కొళాయి కట్టడం. లీకేజీ కోడ్ అయితే ఫిల్టర్ బిగింపు, పైపుల కీళ్లు, తలుపు రబ్బరు, డిటర్జెంట్ అర పొంగడం చూడండి. మెషీన్‌ను వంచి అడుగు తట్టలోని నీటిని పారబోస్తే కోడ్ పోతుందని చెప్పేవారున్నారు. కోడ్ పోయేమాట నిజమే, కానీ నీరు ఎక్కడి నుంచి కారిందో తెలియకుండా దాన్ని పోగొట్టుకోవడం కాపలావాడిని నిద్రపుచ్చడమే అవుతుంది.

నీరు మితిమీరి నిండితే ఒక సులువైన పరీక్ష ఉంది. ప్లగ్ తీసి, కొళాయిని మళ్లీ తిప్పి చూడండి. అప్పటికీ నీరు లోపలికి వస్తుంటే ఇన్‌లెట్ వాల్వ్ మూసుకోవడం లేదు. రాకపోతే లోపం సెన్సర్‌లోనో బోర్డులోనో ఉండవచ్చు. ఈ ఒక్క మాట చెబితే సర్వీస్ మనిషి సరైన పార్టు వెంట తెచ్చుకోగలడు.

*మిగిలినవి*

ఎల్‌జీలో ఎల్ఈ వస్తే బట్టలు తగ్గించి, ప్లగ్ తీసి, అరగంట ఆగి ఒక్కసారి ప్రయత్నించండి. మళ్లీ వస్తే ఆపేయండి. ఉష్ణోగ్రత, నీటి మట్టం సెన్సర్, హీటర్, మోటారు, బోర్డుల మధ్య సమాచారం గురించిన కోడ్లు ఇంట్లో సరిచేసేవి కావు.

6. నిజంగా బాగైందో లేదో చూసుకోండి

కోడ్ కనిపించకపోవడం పరీక్షలో సగమే. ఖాళీ డ్రమ్‌తో రిన్స్, స్పిన్ నడిపి, నీరు నిండడం, పోవడం, డ్రమ్ పూర్తి వేగం అందుకోవడం మూడింటినీ కళ్లతో చూడండి. తర్వాత మామూలు బరువుతో, ఇంతకుముందు ఆగిన అదే ప్రోగ్రామ్ నడపండి. ముగిశాక కింద నేలను, పైపుల కీళ్లను పొడి కాగితంతో తాకండి. బట్టలు ఎప్పటికంటే తడిగా ఉంటే స్పిన్ పూర్తి వేగానికి చేరలేదని అర్థం.

7. సర్వీస్‌కు చెప్పవలసి వస్తే

మోడల్ నంబరు, కోడ్ ఫోటో, ఆగిన దశ, డ్రమ్‌లో నీటి ఎత్తు, పంపు శబ్దం, మీరు చేసి చూసిన పరీక్షలు, వాటి ఫలితాలు ఒకే సందేశంలో రాసి పంపండి. వారంటీ ఉంటే ఏ పలకనూ విప్పకండి. వచ్చినవారు పార్టు మార్చాలంటే ఏ పరీక్షను బట్టి ఆ నిర్ణయానికి వచ్చారో అడగండి, అది అడిగే హక్కు మీకు ఉంది. మార్చిన తర్వాత వారు వెళ్లకముందే, అంతకుముందు ఆగిపోయిన ప్రోగ్రామ్‌ను ఆ దశ దాటే వరకు వారి ఎదుటే నడిపించండి.